సివిలైజేషన్‌లో కంప్యూటర్‌తో టెక్ బేరం: ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు

అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసినవాళ్లకి నోట్స్ సంగతి తెలిసే ఉంటుంది. పొద్దున ఏడింటి బ్యాచ్‌లో సార్ చెప్పింది పొల్లుపోకుండా రాసుకున్నవాడి చేతిలో ఆ పూటకి మంచి సరుకు ఉన్నట్టే. పక్క గల్లీలో వేరే కోర్సు చేస్తున్న రూమ్మేట్ తన నోట్స్ ఇచ్చి వీటిని తీసుకుంటాడు, క్లాసు ఎగ్గొట్టినవాడు టిఫిన్ పెట్టిస్తాడు. ఆ కాగితాలు ఒక్కసారి జిరాక్స్ షాపుకి చేరాయంటే సాయంత్రానికి స్పైరల్ బైండింగ్ చేయించుకుని కౌంటర్ మీద కూర్చుంటాయి, అడిగినవాడికల్లా అదే రేటు. పొద్దున "ఎవరికీ ఇవ్వను" అని బ్యాగులో దాచుకున్నవాడు సాయంత్రం చూసుకుంటే తన దగ్గరున్నదే ఊరందరి దగ్గరా ఉంటుంది, పైగా తనకి టిఫిన్ కూడా దక్కలేదు.

టర్నులవారీగా, అంటే వంతులు వేసుకుని ఒక దేశాన్ని పెంచుకుంటూ ఆడే సివిలైజేషన్ అనే కంప్యూటర్ గేమ్‌లో, కంప్యూటర్ నడిపే దేశాలతో టెక్నాలజీలు (టెక్‌లు) ఇచ్చిపుచ్చుకోవడం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. కొత్తగా ఆడేవాళ్లు చాలామంది మొదట చేసే తప్పు దాచుకోవడమే. శత్రువుకి విద్య నేర్పడమేంటి, రేపు వాడే కత్తి పట్టుకుని మన మీదకి రాడా అనిపిస్తుంది, వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే నిలబడదు. మ్యాప్ మీద ఆరుగురు ప్రత్యర్థులున్నారనుకుందాం. ఒక్కొక్కరితో ఒక టెక్ ఇచ్చి ఒక టెక్ తీసుకుంటే వాళ్లు తలా ఒక మెట్టు ఎక్కుతారు, మనం ఆరు మెట్లు ఎక్కుతాం. ఇచ్చినంతమాత్రాన మన దగ్గరున్నది పోదు, గుర్రాలో ఇనుమో ఇచ్చినట్టు కాదు. ఇక్కడ నిజంగా ఖర్చయ్యేది ఒకటే, అది మన దగ్గర మాత్రమే ఉందన్న ఆధిక్యం. ఆ ఆధిక్యం ఎన్ని టర్నులు నిలుస్తుందన్నదాన్ని బట్టే ఇవ్వాలా దాచాలా అన్నది తేలుతుంది, మిగతా హంగామా అంతా దాని చుట్టూ తిరిగేదే.

అది ఎక్కువ కాలం నిలవదని అందరికీ బాగా తెలిసొచ్చింది 2001లో వచ్చిన సివిలైజేషన్ 3తో. అందులో కంప్యూటర్ దేశాలు తమ టర్ను రాగానే ఒకదానితో ఒకటి బేరాలాడేసుకుంటాయి. మనం ఒక టెక్‌ని ఒక్క దేశానికే అమ్మి, మిగతావాళ్లకి వచ్చే టర్నులో అమ్ముదాం అనుకుని "నెక్స్ట్ టర్న్" నొక్కామంటే అంతే సంగతులు, మన వంతు మళ్లీ వచ్చేసరికి ఆ దేశమే దాన్ని మిగతావాళ్లకి అమ్మేసి ఉంటుంది. మనకి రావాల్సిన బంగారం దాని ఖజానాలో ఉంటుంది. అందుకే ఆ గేమ్ బాగా ఆడేవాళ్ల పద్ధతి ఒకటే: ఇవ్వదలుచుకుంటే ఒకే టర్నులో, పరిచయమున్న దేశాలన్నింటికీ, డబ్బున్నవాడితో మొదలుపెట్టి చిల్లర మాత్రమే ఉన్నవాడి దాకా అమ్మెయ్యడం. చివరివాడు ఇచ్చేది పది బంగారు నాణేలైనా సరే తీసుకోవాలి, ఎందుకంటే ఇంకో పది సెకన్లలో వాడికి అది ఎలాగూ వచ్చేస్తుంది.

ఈ ఆలోచన గేమ్ లోపలే ఉంది. మొదటి మూడు సివిలైజేషన్‌లలో గ్రేట్ లైబ్రరీ అనే వండర్ (అద్భుత కట్టడం) కడితే, వేరే రెండు దేశాలకి తెలిసిన టెక్ ఏదైనా మనకి ఉచితంగా వచ్చేస్తుంది. నాలుగో భాగంలో ఇంటర్నెట్ ప్రాజెక్టుదీ అదే పని. రెండు చోట్ల ఉన్నది ఇక రహస్యం కాదు అన్నది డిజైనర్లు పెట్టిన గీత. ఆడేవాళ్లు కూడా అదే గీత పట్టుకుంటే సరిపోతుంది. మన దగ్గరున్న టెక్ ఇంకో కంప్యూటర్ దేశం దగ్గర కూడా కనబడిందంటే దాన్ని దాచడంలో అర్థం లేదు, ఆ టర్నులోనే సంతకి తీసుకెళ్లాలి.

టెక్ బేరం అత్యంత వివరంగా, కాస్త చిరాకు పుట్టించేంత వివరంగా తయారైంది 2005లో వచ్చిన సివిలైజేషన్ 4లో. దీని లీడ్ డిజైనర్ సోరెన్ జాన్సన్, అంతకుముందు మూడో భాగంలో కంప్యూటర్ ఆటగాళ్ల బుర్ర రాసింది కూడా ఆయనే. మూడో భాగంలో జరిగిన దోపిడీ అంతా దగ్గరుండి చూసినట్టుంది, నాలుగో దాంట్లో ప్రతి సందుకీ ఒక తలుపు పెట్టారు. మూడో దాంట్లో ఒక టెక్ ఇచ్చి 20 టర్నుల పాటు టర్నుకింత బంగారం అని వాయిదాల మీద గుంజే వీలుండేది. నాలుగో దాంట్లో టెక్‌కి వాయిదాలు కుదరవు, ఉన్న డబ్బు ఒక్కసారి ఇస్తే తీసుకోవాలి లేదా టెక్‌కి టెక్. పైగా ఆల్ఫాబెట్ అనే టెక్ వచ్చేదాకా అసలు బేరమే మొదలవదు.

ఈ ఆల్ఫాబెట్ దగ్గర ఒక చిన్న మెలిక ఉంది, చాలాకాలం ఆడినవాళ్లు కూడా పట్టించుకోనిది. బేరం జరగాలంటే ఇద్దరి దగ్గరా ఆల్ఫాబెట్ ఉండక్కర్లేదు, ఒకరి దగ్గరుంటే చాలు. అంటే అది మామూలు టెక్ కాదు, దుకాణం లైసెన్స్. నలుగురు ప్రత్యర్థుల్లో ఎవరికీ లేక మనకి ఒక్కరికే ఉందనుకోండి, వాళ్లలో ఏ ఇద్దరూ తమలో తాము టెక్‌లు మార్చుకోలేరు, ప్రతి బేరమూ మన కౌంటర్ మీదుగానే జరగాలి. ఆ స్థితిలో ఆల్ఫాబెట్‌నే అమ్మకానికి పెట్టడం అంటే బేగంబజార్‌లో ఉన్న ఒకే ఒక్క హోల్‌సేల్ దుకాణాన్ని ఎదురింటివాడికి రాసిచ్చినట్టే. చేతిలో ఉన్న ఇంకేదైనా ఇచ్చి పని జరుపుకోవాలి, ఇది మాత్రం ఆఖరున వదలాలి.

ఒక టర్నుని దగ్గర నుంచి చూస్తే ఈ లెక్క ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మన దగ్గర ఈస్తటిక్స్ అనే టెక్ ఉంది. కంప్యూటర్ దేశాలు మామూలుగా దీని జోలికి తొందరగా పోవు, అందుకే బేరానికి ఇది మంచి సరుకని పేరు. గేమ్ ఫైళ్లలో దీని మూల ఖర్చు 300 బీకర్లు (పరిశోధన పాయింట్లు), మ్యాప్ సైజుని బట్టీ కష్టం స్థాయిని బట్టీ ఇది మారుతుంది, కానీ నిష్పత్తి మారదు కాబట్టి మూల సంఖ్యలతోనే చూద్దాం. మాలి రాజు మన్సా మూసా దగ్గర ఆల్ఫాబెట్ ఉంది, దానిదీ 300. మన దగ్గర లేకపోయినా ఆయన దగ్గరుంది కాబట్టి బేరం తెరిచే ఉంది. ఈస్తటిక్స్ ఇచ్చి ఆల్ఫాబెట్ తీసుకున్నాం. ఇప్పుడు దుకాణం మనకీ వచ్చింది. వెంటనే అశోకుడి దగ్గరికి వెళ్తే అక్కడ మ్యాథమెటిక్స్ ఉంది, ఖర్చు 250, అదే ఈస్తటిక్స్ ఇచ్చి అది తెచ్చుకున్నాం. ఈజిప్టు రాణి హత్షెప్సుత్ దగ్గర మోనార్కీ, ఐరన్ వర్కింగ్ ఉన్నాయి. ఈస్తటిక్స్‌తో 300 ఖరీదు చేసే మోనార్కీ వచ్చింది. ఇప్పుడే అశోకుడి దగ్గర తెచ్చిన మ్యాథమెటిక్స్‌ని ఆమె చేతిలో పెట్టి 200 ఖరీదు చేసే ఐరన్ వర్కింగ్ కూడా పట్టుకొచ్చాం. నాలుగు బేరాలు, ఒకే టర్ను, సైన్యం అడుగు కదపలేదు. సొంతంగా పరిశోధించింది 300, చేతికొచ్చింది 1050. టర్నుకి 15 బీకర్లు తయారుచేసే చిన్న రాజ్యమైతే 20 టర్నుల పనికి ఇంకో 70 టర్నుల పని ఉచితం.

ప్రతిసారీ ఇంత నున్నగా కుదరదులెండి. తీసుకునేవాడి దగ్గర దానికి ముందు రావాల్సిన టెక్‌లు ఉండాలి, లేకపోతే జాబితాలోనే కనబడదు. ధర విషయంలో కూడా కంప్యూటర్‌కి తన లెక్క తనకుంది. ఆ టెక్‌కి ఇంకా ఎన్ని బీకర్లు మిగిలి ఉన్నాయి, పరిచయమున్న దేశాల్లో ఎంతమందికి అది ఇప్పటికే తెలుసు, ఈ రెండూ చూస్తుంది. తెలిసినవాళ్లు పెరిగేకొద్దీ ధర పడిపోతుంది, జిరాక్స్ షాపులో జరిగినట్టే. మొదటి అంశం ఇంకా సరదాగా ఉంటుంది. మనం ఒక టెక్‌ని సగం పరిశోధించి ఆపితే, దాన్ని మనకి అమ్మేవాడు మిగిలిన సగానికే ధర కడతాడు. కాబట్టి మన చేతిలో ఉన్న చిన్న టెక్‌కి ఎదుటివాడి పెద్ద టెక్ రావడం లేదంటే, పెద్దదాని మీద కొన్ని టర్నులు పరిశోధన పెట్టి ధర దింపి మళ్లీ అడగొచ్చు. ఇదే సూత్రం తిరగేస్తే, వాడు ఇప్పటికే ముప్పావు వంతు పూర్తిచేసినదాన్ని మనం తీరిగ్గా తీసుకెళ్తే పావు ధరే పలుకుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ ఇక్కడ రెండూ మన టైమింగ్ మీద ఉంటాయి. అమ్మేది తొందరగా అమ్మాలి, కొనేది కాస్త వండుకుని కొనాలి.

ఇక తిరస్కారాల సంగతి. బేరం తెరలో కొన్ని టెక్‌లు ఎర్ర రంగులో కనబడతాయి, మౌస్ పెడితే కారణం వస్తుంది, ఆ ఒక్క వాక్యం చదవకుండా మళ్లీ మళ్లీ క్లిక్ చేసేవాళ్లే ఎక్కువ. మీరంటే మాకు నచ్చదు అన్నది ఒక రకం, అది మన మీద ఉన్న అభిప్రాయానికి సంబంధించింది, ఫ్యూరియస్ నుంచి ఫ్రెండ్లీ దాకా ఐదు మెట్లుంటాయి, ఏ మెట్టు దగ్గర ఒప్పుకోవాలన్నది నాయకుణ్ణి బట్టి మారుతుంది. మన్సా మూసా దాదాపు ఎవరొచ్చినా కౌంటర్ తెరుస్తాడు. జపాన్ నాయకుడు టొకుగావా గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడతాడు, ఆయన పక్క దేశంగా పడితే ఆ ఆటలో టెక్ బేరాల మీద ఆశ సగం వదులుకోవడమే. ఈ టెక్ అప్పుడే బయటికి వదలం అన్నది రెండో రకం. అది గుత్తాధిపత్యం కాపాడుకోవడం, ఇంకొందరికి తెలిసేదాకా ఇవ్వరు. అంటే కంప్యూటర్ కూడా నోట్స్ దాచుకుంటుంది, కాకపోతే ఎంతమందికి తెలిస్తే వదలాలో ఒక శాతం పెట్టుకుని మరీ దాచుకుంటుంది.

మూడో రకమే అసలు తలనొప్పి: మీరు మరీ ముందుకెళ్లిపోతున్నారని మాకు భయంగా ఉంది అన్నది. చదివితే మనం టెక్నాలజీలో ముందున్నామని వాళ్లు భయపడుతున్నట్టే ఉంటుంది, చాలామంది అలాగే అనుకుని అందరికంటే వెనకబడి ఉన్నప్పుడు ఇదే వాక్యం చూసి గేమ్‌లో బగ్ ఉందని తిట్టుకుంటారు. నిజానికి అది లెక్కపెట్టేది మన స్థాయిని కాదు, మనం బేరాల ద్వారా ఎన్ని టెక్‌లు తీసుకున్నామన్నది. ఎవరి దగ్గర తీసుకున్నా సరే, మనల్ని ఎరిగిన ప్రతి దేశమూ తన పుస్తకంలో ఒక గీత గీసుకుంటుంది. ఒక్కో నాయకుడికీ ఒక్కో హద్దు. అది దాటితే కౌంటర్ మూత. కాలం గడిచేకొద్దీ ఆ గీతలు నెమ్మదిగా చెరుగుతాయి గానీ, ఆ నెమ్మది మామూలు నెమ్మది కాదు. పైన చూసిన టర్నులో మనం ఒకేసారి నాలుగు గీతలు గీయించుకున్నాం. అవి ఆల్ఫాబెట్, మోనార్కీ లాంటి పెద్ద వాటికైతే ఫర్వాలేదు. కానీ 60 బీకర్ల ఆర్చరీకీ 2000 బీకర్ల టెక్‌కీ గీత ఒకటే. కాబట్టి రెండు మూడు టర్నుల్లో సొంతంగా అయిపోయే చిల్లర టెక్‌లని బేరంలో తీసుకోవడం, ముఖ్యంగా ఉచితంగా వస్తోంది కదా అని అడుక్కుని తీసుకోవడం, తర్వాత ఆకలేసినప్పుడు విస్తరి లేకుండా చేసుకోవడమే. డీల్‌లో బ్యాలెన్స్ కోసం కంప్యూటర్ అదనంగా చిన్న టెక్ ఇస్తానంటే దాని బదులు బంగారం అడగడం మేలు, బంగారానికి గీత పడదు.

ఈ హద్దు పనిచేయని చోటు ఒకటుంది. నాయకుడు మనతో ఫ్రెండ్లీగా ఉంటే ఆ లెక్క పక్కన పెట్టేస్తాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు అందరితో మంచిగా ఉండాలని చూడరు, ఒకరిద్దరిని ఎంచుకుని వాళ్ల మతంలోకి మారి, అడిగినప్పుడు సాయం చేసి, పాతబడిన టెక్‌లు ఊరికే ఇచ్చి ఫ్రెండ్లీ దాకా తీసుకెళ్తారు. ఊరికే ఇవ్వడం చూడ్డానికి నష్టంలా ఉంటుంది. కానీ న్యాయంగా వ్యాపారం చేస్తున్నారన్న పేరు మీద నాలుగు పాయింట్ల దాకా అభిప్రాయం పెరుగుతుంది, అందరికీ తెలిసిపోయిన టెక్‌కి అంతకంటే మంచి ధర ఎక్కడా రాదు.

అయితే ఎవరికి ఇచ్చామో ఎవరెవరు చూస్తున్నారన్నది కూడా ఉంటుంది. చాలామంది కంప్యూటర్ నాయకులకి ఒక బద్ధశత్రువు ఉంటాడు. ఆ శత్రువుతో మనం బేరం చేస్తే, మీరు మా బద్ధశత్రువుతో వ్యాపారం చేశారు అని నాలుగు పాయింట్ల దాకా కోత పడుతుంది. అన్నేళ్లు కష్టపడి పెంచుకున్న స్నేహం ఒక్క డీల్‌తో ప్లీజ్డ్ అనే మెట్టు నుంచి కాషస్ అనే కింది మెట్టుకి జారిపోవడం, ఆ వెంటనే పక్కవాడు సైన్యం సరిహద్దుకి తేవడం, ఇవన్నీ ఆటలో మామూలే. కొన్నిసార్లు ఒక నాయకుడు తనే వచ్చి, ఫలానావాడితో వ్యాపారం ఆపెయ్ అంటాడు. అప్పుడు ఆపినా తంటానే, ఆపకపోయినా తంటానే.

ఈ ఇరకాటం గేమ్ కోసం పుట్టించింది కాదు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేరు రోజూ పలికేవాళ్లకి దాని వెనక కథ గుర్తుండకపోవచ్చు. 18వ శతాబ్దం చివర నిజాం అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచ్ అధికారి రేమండ్ సైన్యానికి యూరప్ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, ఫిరంగులు పోతపోసే ఈ కార్ఖానా పెట్టించాడు. తోప్ కా సాంచా అని దానికి ఇంకో పేరు. మూసారాంబాగ్ పేరులో మిగిలింది కూడా ఆ రేమండేనని చెబుతారు. నిజాం కోణంలో చూస్తే అది మంచి టెక్ బేరమే, జీతం ఇచ్చి ఫిరంగుల విద్య తెచ్చుకున్నాడు. కానీ ఫ్రెంచ్‌వాళ్లు బ్రిటిష్‌వాళ్ల బద్ధశత్రువులు. 1798 ఒప్పందంలో ఈస్టిండియా కంపెనీ పెట్టిన షరతు, ఫ్రెంచ్ అధికారుల కింద ఉన్న ఆ దళాన్ని రద్దు చేయమని. అదే సంవత్సరం ఆ దళం ఆయుధాలు దించింది, హైదరాబాద్‌లో కంపెనీ సైన్యం బలపడింది. బేరంలో వచ్చిన టెక్ ఎంత మంచిదైనా అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పక్కవాడు గమనిస్తూనే ఉంటాడు.

మరి అస్సలు ఇవ్వకూడనివి ఏవి? ఆల్ఫాబెట్ గురించి చెప్పుకున్నాం. యుద్ధానికి పనికొచ్చే వాటిలో అన్నీ ప్రమాదం కావు, ఎవడికి అన్నదే ముఖ్యం. ఇంకో ఇరవై టర్నుల్లో దాడి చేయాలనుకుంటున్న పొరుగువాడికి ఫ్యూడలిజం ఇస్తే వాడి ప్రతి నగరంలోనూ లాంగ్‌బోమెన్ అనే విలుకాళ్లు గోడల వెనక కూర్చుంటారు, రాళ్లు విసిరే మన కెటాపుల్టులు అరిగిపోతాయి. అదే టెక్ సముద్రం అవతల ఉన్నవాడికి ఇస్తే మనకి వచ్చే నష్టం ఏమీ లేదు, పైగా వాడి పొరుగున ఉన్న బలమైనవాడు వాణ్ణి అంత తేలిగ్గా మింగలేడు. గన్‌పౌడర్, రైఫ్లింగ్ లాంటివి మన సరిహద్దు పంచుకుంటూ ఎప్పుడూ యుద్ధానికి కాలుదువ్వే మోంటెజుమా లాంటి నాయకుడికి ఇవ్వడం పాముకి పాలు పోయడమే, వాడు స్నేహంగా ఉన్న రోజున కూడా. ఇంకా ఒక జాగ్రత్త ఏంటంటే, దూరంలో ఉన్నవాడికి ఇచ్చినా వాడు దాన్ని మన పొరుగువాడికి అమ్మెయ్యొచ్చు. వాళ్లిద్దరి మధ్య పోట్లాట ఉంటే ఆ భయం తగ్గుతుంది, కాబట్టి ఇచ్చేముందు ఎవరికి ఎవరితో పడదో చూసుకోవాలి.

ఇంకో రకం, మొదట చేరినవాడికి బహుమతి ఉండేవి. లిబరలిజం మొదట కనిపెట్టినవాడికి ఒక టెక్ ఉచితం, మ్యూజిక్‌కి ఒక గ్రేట్ ఆర్టిస్ట్, ఎకనామిక్స్‌కి ఒక గ్రేట్ మర్చెంట్. లిబరలిజం పరుగులో ఉన్నప్పుడు దానికి దారి తీసే ఎడ్యుకేషన్, ఫిలాసఫీ రెండూ ఒకే దేశానికి అందకుండా చూసుకోవాలి. పరుగు గెలిచిన మరుక్షణం అవే టెక్‌లని సంతలో పెట్టి అమ్ముకోవచ్చు. వండర్లు కూడా ఇంతే. గ్రేట్ లైబ్రరీ కట్టడం పూర్తయ్యేదాకా లిటరేచర్ బ్యాగులో ఉండాలి, పూర్తయ్యాక అది మామూలు కాగితం. ఈ దాచుకోవడాలన్నింటికీ ఒక గడువు తేదీ కనబడుతుంది, పది టర్నులో పదిహేను టర్నులో. గడువు చెప్పలేని దాచుకోవడం చాలావరకు భయం మాత్రమే.

కష్టం స్థాయి మారితే ఇదంతా కొంత మారుతుంది. డెయిటీ లాంటి పైస్థాయిల్లో కంప్యూటర్ దేశాలకి పరిశోధనలో రాయితీలుంటాయి, తమలో తాము కూడా ఉదారంగా మార్చుకుంటాయి, అక్కడ బేరాలు మానేసినవాడు నడి ఆటకే విల్లంబులతో మస్కెట్ల ముందు నిలబడతాడు. ఒంటరి దీవిలో మొదలైతే టెన్షన్ ఇంకా ఎక్కువ, పరిచయాలు దొరికేదాకా కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. కింది స్థాయిల్లో దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ కాసేపటికి మనమే అందరికంటే ముందుంటాం, ఎదుటివాళ్ల దగ్గర తీసుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు అలవాటు కొద్దీ అమ్మడం ఆపెయ్యాలి, ముఖ్యంగా రెండో స్థానంలో ఉన్నవాడికి. వాడికిచ్చిన ప్రతి టెక్ వాడికి గెలుపు తెచ్చే స్పేస్‌షిప్‌ని దగ్గర చేస్తుంది. అట్టడుగున ఉన్న ఇద్దరికి మాత్రం ఇస్తూ ఉండొచ్చు, వాళ్లు గెలవరు, కానీ రెండోవాడికి తేలిగ్గా లొంగరు.

ఇంత లెక్క తెలిశాక ఒక ప్రశ్న సహజంగానే వస్తుంది, ఇది ఆట గెలవడమా, కంప్యూటర్ అమాయకత్వాన్ని దోచుకోవడమా అని. నిజాయితీగా చెప్పాలంటే రెండోదే ఎక్కువ. పైన చెప్పిన నాలుగు బేరాల్లో ప్రతి నాయకుడూ విడివిడిగా చూస్తే మోసపోలేదు, 300కి 300, 250కి 200 అలా సరిగ్గానే లెక్క చూసుకున్నాడు. వాళ్లు చూడలేకపోయింది, ఒకే సరుకు ముగ్గురికి అమ్ముడైందని. మధ్యవర్తికి మాత్రమే కనబడే లాభం అది. నాలుగో భాగంలో పెట్టిన హద్దులూ గీతలూ ఎర్ర అక్షరాలూ ఆ రంధ్రానికి వేసిన మాట్లే తప్ప రంధ్రం పూడలేదు. 2010లో వచ్చిన ఐదో భాగం మాట్లు వేయడం మానేసి టెక్ బేరాన్నే తీసేసింది. దాని బదులు ఇద్దరూ బంగారం పెట్టుబడి పెట్టి కొన్ని టర్నుల తర్వాత లాభం పొందే పరిశోధన ఒప్పందాలు వచ్చాయి. 2016 నాటి ఆరో భాగంలో కూడా పూర్తి టెక్‌ని చేతులు మార్చే వీల్లేదు, పొత్తులూ గూఢచారులూ, పరిశోధనని కొంత ముందుకు తోసే యురేకాలూ ఉన్నాయి. 2025లో వచ్చిన ఏడో భాగం ఇన్‌ఫ్లుయెన్స్ అనే పాయింట్లు ఖర్చుపెట్టి ఉమ్మడి పరిశోధన చేయిస్తుంది. అన్నింట్లో ఇద్దరు కలిసి కష్టపడితే ఇద్దరికీ కొంత వస్తుంది, మూడోవాడికి మళ్లీ అమ్ముకునే సరుకు మాత్రం చేతికి రాదు. శుభ్రంగా ఉంది, ఒప్పుకోవాలి. కానీ బేరం తెర ముందు అరగంట కూర్చుని ఎవడికి ఏది ఇస్తే ఏమొస్తుందో కాగితం మీద గీసుకున్నవాళ్లకి ఇది చప్పగానే ఉంటుంది. ఉచితంగా దొరికే ఫ్రీసివ్ అనే ఇలాంటి గేమ్ ఇంకో దారి పట్టింది, సర్వర్‌లో ఒక సెట్టింగ్ పెడితే ఒప్పందం ద్వారా టెక్ తీసుకున్నవాడికి దాని ఖర్చులో కొంత శాతం పరిశోధన పాయింట్లు తెగుతాయి. సరుకు ఉంటుంది, రవాణా ఖర్చు కూడా ఉంటుంది.

నాలుగో భాగం మీద మనసున్నవాళ్లకి 2007లో వచ్చిన బియాండ్ ది స్వోర్డ్ అనే దాని అనుబంధంలో ఒక మధ్యేమార్గం ఉంది, నో టెక్నాలజీ బ్రోకరింగ్ అనే చిన్న టిక్ పెట్టె. అది పెడితే సొంతంగా పరిశోధించిన టెక్‌నే ఇంకొకరికి ఇవ్వగలం, బేరంలో వచ్చినదాన్ని మళ్లీ అమ్మలేం. పైన చూసిన టర్నులో చివరి బేరం ఎగిరిపోతుంది, మ్యాథమెటిక్స్ అశోకుడిది కాబట్టి దాంతో ఐరన్ వర్కింగ్ రాదు, 1050 కాస్తా 850 అవుతుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ అసలు మార్పు అది కాదు. ఆ టిక్ కంప్యూటర్ దేశాలని కూడా కట్టేస్తుంది. మనం ఒకరికి ఇచ్చిన టెక్ అక్కడే ఆగిపోతుంది, వాడు జిరాక్స్ తీయలేడు. దాంతో ఒక టెక్ ఊరంతా పాకడానికి పట్టే కాలం బాగా సాగుతుంది, ముందుగా కనిపెట్టినవాడి ఆధిక్యం చాలా టర్నులు నిలుస్తుంది, ఒకే టర్నులో అందరికీ అమ్మెయ్యాలన్న తొందరా పోతుంది. ఇవాళ ఒకరికి, పది టర్నులాగి ధర చూసుకుని ఇంకొకరికి అమ్మొచ్చు. ఈస్తటిక్స్‌ని మన్సా మూసాకిచ్చి అశోకుడికి ఇవ్వకుండా కూర్చున్నా ఏమీ కాదు, మూసా చేతి నుంచి అది అశోకుడికి చేరదు. అశోకుడికి కావాలంటే మన దగ్గరికే రావాలి, లేదా తనే కూర్చుని 300 బీకర్లూ రాసుకోవాలి.